కాళ్లు పైకెత్తిన కొంగలు

నగిషీ పని నేర్చుకుంటామని ఈమధ్య ఇద్దరు ముగ్గురు ఆడపిల్లలు నా దగ్గరికి వచ్చారు. చేయి ఎంత నిలకడగా ఉండాలి, ఉలి ఎంత వాలుగా పట్టాలి, కళ్లు పాడవకుండా ఏం చేయాలి అని అడిగారు. అన్నీ మంచి ప్రశ్నలే. ఏ ఒక్కదానికీ నేను ఓపిగ్గా సమాధానం చెప్పలేదు. ఓపిక నాకు చిన్నప్పటినుంచీ తక్కువ. మణికట్టు నరం పట్టేసి, ఇక ఉలి ముట్టుకోవద్దని డాక్టరు చెప్పాక ఇంకా తగ్గింది. అందుకని రాసి ఇస్తున్నాను. రాసేటప్పుడు మధ్యలో ఎదురు ప్రశ్న వేసేవాళ్లు ఉండరు గనక కొంచెం మర్యాదగా మాట్లాడగలను.

మా కొట్టు చీపురుపల్లిలో, స్టేషన్ నుంచి బజారుకు వచ్చే దారిలో. మా నాన్న పెట్టింది. విజయనగరంలో బీఎస్సీ చదివి ఇంటికొచ్చి, ఉద్యోగం దొరికేదాకా ఊరికే ఉండటమెందుకని పనిబల్ల దగ్గర కూర్చున్నాను. ఉద్యోగం దొరకలేదు, నేను లేవలేదు. ఆడపిల్ల ఉలి సుత్తి పట్టుకుని కూర్చోవడమేమిటని కులపెద్దలు నిలదీయడానికి వస్తే మా నాన్న నావైపు చూపించి, అదేదో దానితోనే మాట్లాడుకోండని లేచి టీకి వెళ్లిపోయేవాడు. ఎవరూ రెండోసారి రాలేదు.

కొట్టు నడిచింది మాత్రం గిన్నెలతో. పెళ్లి బిందెలు, గుడికిచ్చే గంగాళాలు, గరివిడి ఫ్యాక్టరీలో రిటైరయ్యేవాళ్లకి తోటివాళ్లు కొనిచ్చే వెండి పళ్లేలు. స్టీలయితే మెషీన్ పెట్టి బర్రుమని పేరు గీకి పంపేయడమే. వెండీ ఇత్తడీ అయితేనే చేతి పని. వీటి మధ్యలో ఎప్పుడో ఒకసారి వాయిద్యాల పని వచ్చేది. బొబ్బిలివైపు వీణలు చేసేవాళ్లు తీగలు కట్టే వెండి భాగాలు పంపేవారు. గుడి మేళాలవాళ్లు డోలు కట్లు, సన్నాయి గిన్నెలు తెచ్చేవారు. సన్నాయి కొసన ఉమ్మెత్త పూవులా విచ్చుకునే ఇత్తడి భాగం ఉంటుంది చూశారూ, అదే. వాయించేవాళ్లు దానికి వేరే పేరు చెప్తారు. మా కొట్లో మాత్రం అది గిన్నే. మాకు ప్రపంచంలో గుండ్రంగా, బోలుగా ఉండేదేదైనా గిన్నే.

మా నాన్న పోయాక, బయట కూర్చుని మెషీన్‌తో గ్లాసుల మీద పేర్లు గీకే కుర్రాణ్ని వదిలేస్తే, కొట్లో మిగిలింది నేనూ, ఆయన దగ్గర పని నేర్చుకున్న పెద్దాయనా. వరసకు ఏమీ కాడు, అయినా మావా అనేదాన్ని. బిందె మెడ చుట్టూ మల్లెతీగ చెక్కితే మొదలెక్కడో చివరెక్కడో వెతికినా దొరకదు, అంతటి చేయి. పని చేస్తున్నంతసేపూ ప్రభుత్వాన్నీ, అల్లుడినీ, నన్నూ వరసగా తిట్టేవాడు. నేనూ ఊరుకునేదాన్ని కాదు. బయటివాళ్లు వింటే ఇద్దరం సాయంత్రానికి కోర్టుకెక్కుతామనుకునేవారు. మధ్యాహ్నం ఇద్దరం ఒకే క్యారేజీ విప్పుకుని తినేవాళ్లం.

ఒక ఏడాది మాఘమాసం మొదట్లో, ప్యాసింజరు దిగి ఒక అమ్మాయి కొట్లోకి వచ్చింది. టెక్కలి అవతల ఊరు. ఆమదాలవలసలో బట్టల కొట్లో పని. సంచీలోంచి తువ్వాలు తీసి విప్పితే అందులో పాత సన్నాయి గిన్నె. నా అనుభవంలో అంత అందమైన ఇత్తడి మళ్లీ చూడలేదు. సన్నటి మెడ దగ్గర ఒక పూలతీగ, దాని కింద మామిడి పిందెల వరస, దాని కింద చిలకల వరస. మూడూ మూడు చేతులు చేసిన పని. అంచుకు దగ్గరగా, గిన్నె బాగా విచ్చుకున్నచోట, ఒక్క వరసకు సరిపడా నున్నటి ఖాళీ.

వాళ్లది తరాలుగా గుడి మేళం చేసే ఇల్లు. ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉంది. పెద్దవాళ్ల చేతిలోంచి సన్నాయి తీసుకునేవాళ్లు ముందు తమ వరస ఒకటి ఆ గిన్నె మీద చెక్కించుకోవాలి. చెక్కించుకున్నాకే గుళ్లో ఊదాలి. చిలకలు ఆమె తండ్రివి. ఆయనకు పక్షవాతం వచ్చి మూతి ఒకపక్కకు లాగేసింది, పెదాల మధ్య పీక, అంటే సన్నాయికి తగిలించి ఊదే రెల్లు ముక్క, నిలవదు. అప్పటినుంచీ గుళ్లో సేవ ఆగిపోయింది. కొడుకులు లేరు. చిన్నప్పటినుంచీ తండ్రి పక్కన కూర్చుని, వేరే సన్నాయి మీద సాధన చేసింది ఈ పిల్లే. తండ్రికి పిల్లకు ఇవ్వాలనే ఉంది. ఆయన తమ్ముడికి లేదు. ఆ తమ్ముడు లైట్ల బండితో పెళ్లిళ్లకు తిరిగే బ్యాండు నడుపుతున్నాడు. ఆడపిల్ల గుళ్లో సన్నాయి ఎత్తడం ఎక్కడా లేదని, సేవ తన మేళానికి రావాలని పట్టుబట్టి కూర్చున్నాడు. గుడి కమిటీ వాళ్లు తమకు తెలిసిన తీర్పు చెప్పారు. స్వామి కల్యాణం నాటికి ఆ ఇంటినుంచి ఎవరైనా పద్ధతి ప్రకారం వచ్చి ఊదితే సేవ వాళ్లదే. లేదంటే ఆ రోజుకు చిన్నాన్న మేళం, మిగతా రోజులకు కరెంటుతో డమడమ కొట్టుకునే మెషీన్.

నేను నా అలవాటుకొద్దీ వాదనకు దిగాను. సన్నాయి పలికేది ఊపిరితో, ఇత్తడి మీద బొమ్మతో కాదు కదా, వీళ్ల పద్ధతులన్నీ నెత్తిన పెట్టుకోవడమెందుకు, నేరుగా వెళ్లి ఊదేయమన్నాను. ఆ పిల్ల అంతా విని తాపీగా అంది.

"నాకక్కర్లేదమ్మా. ఆల్లకి కావాల. ఆల్లడిగింది సేసీసి, అప్పుడు ఊదుతాను. ఇంక అడగడానికేటీ ఉండదు కదా."

వాదించడం ఎలాగో నాకు తెలుసనుకునేదాన్ని ఆ రోజుదాకా.

ఏ బొమ్మ కావాలని అడిగితే కొంగలంది. మావ సుత్తి కింద పెట్టేశాడు. "కొంగలేటే? అంసలు పెట్టుకోవాల గానీ. సన్నాయి మీద సేపల్ని మింగే పిట్టలేటి?" అన్నాడు. ఆ పిల్ల తగ్గలేదు. వాళ్ల ఊళ్లో ఏటా ఎక్కడినుంచో కొంగలు వచ్చి చింతచెట్ల నిండా గూళ్లు పెట్టి, పిల్లల్ని లేపి, ఎగిరిపోతాయట. సాధన చేసిన ప్రతి ఉదయం వాటి రొద మధ్యనే చేసిందట. హంసను ఆమె ఎప్పుడూ చూడలేదు. మావా చూడలేదనుకోండి, ఆ మాట నేను అన్నాను, ఆయన నాతో ఆ సాయంత్రందాకా మాట్లాడలేదు.

బొమ్మ నేనే వేశాను. సన్నటి కాగితం పట్టీ మీద, పొడుగు కాళ్లతో ఒకదాని వెనక ఒకటి నడిచే కొంగలు. ఒక కాలు నేల మీద, ఒక కాలు ఎత్తి. గిన్నె అంచు కొలతకు పట్టీ అతికినట్టు సరిపోయింది.

ఇక్కడ పని సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే జరిగింది మీకు అర్థం కాదు. బోలు వస్తువు మీద ఉలి పెట్టి కొడితే సొట్ట పడుతుంది. అందుకని గుగ్గిలం, ఇటుకపొడి, నూనె కలిపి కాచి, ఆ ముద్దను వస్తువు నిండా పోసి గట్టిపడనిస్తాం. పోయాలంటే మూతి పైకి ఉండాలి. గిన్నెను మూతి పైకి పెట్టి చెక్క దిమ్మలో బిగించి, ముద్ద పోసి, పని అయ్యేదాకా అలాగే ఉంచుతాం. బిందె అయినా అంతే, చెంబు అయినా అంతే. పాత వరసల మీద ఉలి జారి గీత పడకూడదని మావ వాటికి తడిగుడ్డ చుట్టి కట్టేశాడు. కాగితం పట్టీ అంటించి గీతలు దించుకున్నాడు. ఆ తర్వాత ఆయన చెక్కిన పని గురించి నేను ఇప్పటికీ గర్వంగా చెప్పుకుంటాను. కొంగ రెక్కలో ఈక ఈకా కనిపించేది. ఎత్తిన కాలి వేళ్లు కొంచెం ముడుచుకుని ఉండేవి. భూతద్దం పెట్టి నేను ప్రతి కొంగనూ పరీక్షగా చూశాను, ఒక్క వంక దొరకలేదు. వంక దొరక్కపోవడం నాకు చాలా అరుదు గనక ఆ మాట పైకే చెప్పాను. మావ రోజంతా ఎవరినీ తిట్టకుండా పని చేశాడు.

ముద్ద కరిగించి తీసి, చింతపండుతో తోమి, మెరుగు పెట్టి, చిలకల దాకా ఒక గ్లాసులో దించి, అద్దాల బీరువాలో మూతి పైకి నిలబెట్టాం. అక్కడినుంచి తీసింది కల్యాణానికి రెండు రోజుల ముందు.

ఆ రోజు ఆ పిల్ల ఒంటరిగా రాలేదు. తండ్రిని స్టేషన్ నుంచి ఆటోలో తీసుకొచ్చి, చేయి పట్టుకుని దించింది. వెనకే చిన్నాన్న, ఇస్త్రీ చొక్కా, మెడలో గొలుసు. పద్ధతి ప్రకారం జరిగిందో లేదో కమిటీ తరఫున చూసి రమ్మన్నారట. తండ్రి కుర్చీలో కూర్చున్నాడు. ఆ పిల్ల సంచీలోంచి నల్లటి సన్నాయి కర్ర తీసి, కొసన కొత్త దారం చుట్టి, గిన్నె బిగించి, అలవాటుగా సన్నాయిని నా బల్ల మీద నిలబెట్టింది. సన్నాయిని ఎలా నిలబెడతారు? మూతి కిందికి పెట్టి.

పైన తీగ చక్కగా వేలాడుతోంది. దాని కింద మామిడి పిందెలు చక్కగా వేలాడుతున్నాయి. దాని కింద చిలకలు చక్కగా కూర్చున్నాయి. అన్నింటికన్నా కింద కొంగలు కాళ్లు పైకెత్తి, ముక్కులు బల్లకు ఆనించి ఉన్నాయి.

బయట మెషీన్ కుర్రాడు స్టీలు గ్లాసులకు ఎవరి పేరో గీకుతున్నాడు. ముందు తేరుకుంది చిన్నాన్నే.

"సచ్చిన పిట్టల్ని సెక్కినారేటమ్మా? కాళ్లు పైకెట్టీసినాయి. సామి కల్యాణానికి వీటిని ఒట్టుకెల్తాదేటి మా అన్న కూతురు?"

"చచ్చిన కొంగకు మెడ వాలిపోతుందండీ," అన్నాను. "వీటి మెడలు చూడండి. మీ మెడకన్నా నిటారుగా ఉన్నాయి."

నోరు అలా అంది గానీ తప్పు ఎక్కడ జరిగిందో చూస్తూనే అర్థమైంది. జీవితమంతా బిందెలు, చెంబులు చేసినవాళ్లం. మూతి ఎటుందో అటే పైభాగం. ఇద్దరు మనుషులం, ఒక భూతద్దం, ఒక డిగ్రీ, ఇన్నీ ఉండి ఒక్కరికీ తట్టలేదు. మావ నేల మీద చతికిలబడి, "బిందనుకున్నాను. మూతి పైకున్నాదంటే తల పైకే గదా అనీసుకున్నాను," అని తనలో తాను చెప్పుకుంటున్నాడు. గిన్నె ఇమ్మని, ఆకురాయితో రాకి చదును చేసేస్తానని చేయి చాచాడు. నేను ఇవ్వలేదు. అంచు దగ్గర ఇత్తడి ముందే పలచన, దాని మీద ఇంత లోతు చెక్కాక ఇంకా పలచన. గీకితే చిల్లు పడుతుంది. మళ్లీ చెక్కడానికి వేరే ఖాళీ లేదు. ఆ ఇంటి వరసలకు మిగిలిన ఆఖరి చోటు అదే.

చిన్నాన్న ఇక గొంతు పెంచాల్సిన అవసరం కూడా లేదనుకున్నాడు. మెత్తగా అన్నగారి వైపు తిరిగి, దేవుడే చెప్పినట్టయింది కదా అన్నాడు. పిల్లను తప్పు పట్టడం లేదట. ఈ రెండు రోజుల్లో తన మేళం సిద్ధమవుతుందట. అమ్మాయి కావాలంటే వచ్చే ఏడాది పెళ్లిళ్ల బ్యాండులో శ్రుతి పట్టుకోవచ్చట. నేను ఆయనకు చెప్పినవన్నీ ఇక్కడ రాయను. రాస్తే ఈ కాగితాలు మీ ఇళ్లల్లో మిమ్మల్ని చదవనివ్వరు. కానీ ఎంత అరిచినా నాకు తెలుసు, ఆయన చేతిలో ఆట గెలిచే పేకముక్క ఉంది, నా చేతిలో నోరు తప్ప ఏమీ లేదు. తండ్రి తల దించుకుని ఉన్నాడు. ఆయన ఏం చెబుతాడన్నదే ప్రశ్న. ఆయన వద్దంటే ఆ పిల్ల ఎదురు చెప్పదు, మరునాడు మళ్లీ బట్టల కొట్టుకు వెళ్తుంది, చీరలు మడతపెడుతుంది. అంతే.

ఆ పిల్ల మా గోల పట్టించుకోకుండా పీకను నాలుక మీద తడుపుకుని, సన్నాయికి తగిలించి, పెదాలకు ఆనించుకుంది. ఊదలేదు. కళ్లు కిందికి దించి కర్ర వెంట చూస్తూ ఉండిపోయింది. తర్వాత సన్నాయి దించి తండ్రి దగ్గరికి వెళ్లింది.

"నానా, ఓపాలి నువ్వెత్తి సూడు."

"నానేటెత్తుతానే. మూతేదీ?" అన్నాడాయన. మాట ముద్దగా వచ్చేది ఆయనకు.

"ఊదమన్లేదు. ఎత్తమన్నాను."

సన్నాయి అందగానే ఆయన వేళ్లు వాటంతటవే రంధ్రాల మీద కూర్చున్నాయి, అది నేను కళ్లారా చూశాను. వంకరపోయిన మూతి దగ్గరికి తెచ్చుకుని, కళ్లు దించి, కర్ర వెంట చివరిదాకా చూశాడు. చాలాసేపు చూశాడు. చిన్నాన్న ఏదో అనబోతే చేయెత్తి ఆపాడు.

"నిలబడున్నాయి," అన్నాడు.

నాకు అర్థం కాలేదు. ఆయన సన్నాయి అలాగే పట్టుకుని, మాట మాటకూ ఆగుతూ చెప్పాడు.

"నా సిలకలు ఏనాడూ నాకు తలకిందులే. మా అయ్య మావిడి పిందెలూ అంతే. జనం సూడ్డానికే సెక్కించుకున్నాం, నాం ఊదినాం. ఇయ్యి నా కూతురికి నిలబడున్నాయిరా."

నేను లేచి ఆయన కుర్చీ వెనక్కి వెళ్లి, ఆయన భుజం మీదుగా వంగి చూశాను. బీఎస్సీ చదివినదాన్ని, ఒక్క నిమిషం ఆలోచిస్తే తెలిసే విషయం. సన్నాయి ఊదేవాళ్లకు గిన్నె మెడ దగ్గర, అంచు దూరం. కిందికి చూస్తే దగ్గరిది కిందా, దూరంది పైనా కనిపిస్తుంది. పైగా గిన్నె విచ్చుకునేచోట దాని వెలుపలి వైపు ఊదేవాళ్ల ముఖానికేసే తిరిగి ఉంటుంది. ఎదురుగా కూర్చున్నవాళ్లకు కనిపించేది బోలు నోరే. పక్కనున్నవాళ్లకు కాస్త బొమ్మ కనిపిస్తుంది. తరతరాలుగా ఆ ఇంట్లో ఊదినవాళ్లందరూ తమ వరసను తలకిందులుగానే చూసుకున్నారు. ఇది అలా లేదు. కొంగలు ఒకదాని వెనక ఒకటి, కాళ్లు నేల మీద ఆనించి, అంచు చుట్టూ నడుస్తున్నాయి. మావ కూడా లేచొచ్చి నా పక్కన దూరాడు. ముగ్గురం ఒకే సన్నాయి వెంట చూస్తుంటే బయట గ్లాసుల కుర్రాడు పని ఆపి, మాకేమైందోనని తొంగి చూశాడు.

"జనానికి తలకిందులు గాదేటి?" అన్నాడు చిన్నాన్న. ఆ గొంతులో ముందున్న ధీమా లేదు.

"జనం యినడానికొస్తారు," అన్నాడు అన్న.

అని, సన్నాయిని రెండు చేతుల మీదా పెట్టి కూతురి వైపు చాచాడు. ఆమె వంగి, ఆయన పాదాలు తాకి, తీసుకుంది. నేను చిన్నాన్న వైపు చూశాను, కమిటీకి ఏం చెబుతారని అడుగుదామని. అడగలేదు. ఆయన సన్నాయి వైపు చూస్తున్నాడు. ఆ ఇంట్లో పుట్టినవాడే కదా. తన పేరు మీద ఆ గిన్నె మీద ఒక్క గీత కూడా లేదన్న సంగతి ఆయనకు ఆ రోజు కొత్తగా గుర్తొచ్చిందేమో. వెళ్లేటప్పుడు అన్నను ఆటో ఎక్కించింది ఆయనే. డోలు తన మేళం నుంచి పంపిస్తానని, పిల్లతో కాకుండా అన్నతో చెప్పాడు.

కల్యాణానికి మావా నేనూ వెళ్లాం. దారిపొడుగునా రైల్లో ఆయన, తను ముందే అన్నీ ఆలోచించే అలా చెక్కానని నిరూపించడానికి ప్రయత్నించాడు. నేను ఆమదాలవలస దాటేదాకా ఒప్పుకోలేదు. ఆ తర్వాత ఆకలేసి ఒప్పుకున్నాను.

మండపంలో ఆ డమడమ మెషీన్ మీద గోనెపట్టా కప్పి ఉంది. ఆ పిల్ల పసుపు అంచు చీర కట్టుకుని, తండ్రిని పక్కన కుర్చీలో కూర్చోబెట్టుకుని మొదలుపెట్టింది. సంగీతం గురించి రాయడం నాకు చేతకాదు. మొదటి ఊపిరిలో కొంచెం బెదురు ఉంది, రెండో ఊపిరికి అది లేదు, అంతమటుకు చెప్పగలను. వెనక ఆడవాళ్లు మాటలు ఆపేశారు. మావైపు జనం గుళ్లో మాటలు ఆపడం నేను అంతకుముందు చూడలేదు.

మేం కూర్చున్నది మండపానికి ఒకపక్కగా. నా పక్కన కమిటీ పెద్దమనిషి ఒకాయన, తెల్లపంచె, భుజాన కండువా, అప్పటినుంచీ మెడ అటూ ఇటూ వంచి చూస్తున్నాడు. చివరికి ఉండబట్టలేక నావైపు వంగాడు.

"అమ్మా, ఆ కింది బొమ్మలు తిరగేసి సెక్కీసినట్టున్నారు, సూసినారేటి?"

"చూశానండీ," అన్నాను. "అవి మీకోసం చెక్కినవి కావు."

మరెవరికని అడుగుతాడనుకున్నాను. అడిగితే గొడవపడటానికి సిద్ధంగా ఉన్నాను కూడా. ఆయన అడగలేదు. లేచి, కండువా సర్దుకుని, జనాన్ని తప్పించుకుంటూ మండపం పక్కనుంచి చుట్టూ తిరిగి వెళ్లాడు. వెళ్లి ఆ పిల్ల వెనక నిలబడి, ఆమె భుజం మీదుగా మునివేళ్ల మీద లేచి చూడబోయాడు. ఆమె ఊదడం ఆపలేదు. ఆయనకు కనబడేలా కుడి మోచేయి కొంచెం దించింది.